కడుపుతో ఉన్నవాళ్ళు చూడకూడదు

కోటి ఆటో తీసుకొచ్చేలోగా ఒక్క ముద్ద తింటే చాలు, ముద్ద కూడా అక్కర్లేదు, ముళ్ళు తీసి మెదిపి పెట్టిన ఆ కవళ్ళ చేపల్లోంచి నాలుక కొసకి అంటినంత తిన్నా చాలు, ఆటోని వెనక్కి పంపించేయొచ్చు అనుకుంటూ సాయిదుర్గ మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి మళ్ళీ వంగి చూసింది. నెత్తలి గోడవైపు తిరిగి కూర్చునే ఉంది. పడుకోలేదు, కళ్ళు మూసుకోలేదు, ముందుకాళ్ళు ఒంటికిందికి ముడుచుకుని గోడనే చూస్తోంది, ఆ గోడమీద బల్లయినా లేదు. వెన్నుపూసలు పైకి తేలాయి, డొక్కలు మాత్రం రెండు పక్కలా ఉబ్బి ఉన్నాయి, చిక్కిపోయిన ఆ ఒంటికి ఆ కడుపు ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. పొద్దున జంతువుల డాక్టరు చెప్పిన మాట చెవిలోంచి పోవడం లేదు. సాయంత్రం దాకా చూడమ్మా, అప్పటికీ ముట్టకపోతే తీసుకొచ్చేయ్, సెలైను పెడదాం, పిల్లి రోజుల తరబడి తిండి మానేస్తే లివరు పాడైపోతుంది, ఇదేమో చూలుతో ఉంది, లోపలి పిల్లల సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేను అన్నాడు. ఆ చెప్పలేను అన్న మాట దగ్గరే ఆగిపోయింది సాయిదుర్గ, మిగిలినవన్నీ ఇంటికొచ్చాక ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. కోటి పోర్టులో కళాసీ, డ్యూటీ దిగ్గానే కన్నబాబు ఆటో మాట్లాడుకుని వచ్చేస్తానని ఫోను చేశాడు. దిగడమంటే నాలుగు దాటుతుంది, ఆ తర్వాత వన్ టౌన్ సందుల్లోకి ఆటో దూరి, ఉల్లిపాయల లారీల వెనకాల ఆగి, ఇంటి ముందుకి రావాలి. ఎంత లేదన్నా గంట పడుతుంది. ఆ గంటలో తినకపోతుందా అనుకుంది, తినకపోతే అని కూడా వెంటనే అనుకుంది.

నెత్తలి అన్న పేరు కోటి పెట్టిందే. వానకి తడిసి మెట్లకింద దొరికినప్పుడు వేలెడంత ఉంది, ఎండు నెత్తళ్ళ బుట్టలో కలిపేస్తే ఏది చేపో ఏది పిల్లో తెలియదు అన్నాడు, అదే ఖాయమైపోయింది. వంజరానికి మాత్రం ఆ పేరు దొంగతనం చేస్తే వచ్చింది. ఆ గండుపిల్లి ఎక్కడివాడో, ఎవరింట్లో పెరిగాడో ఎవరికీ తెలియదు, వచ్చిన మొదటిరోజే కూతురు ఆశ పెళ్ళిమాటలకి వచ్చేవాళ్ళ కోసమని కొన్న వంజరం ముక్కల్లో రెండు మాయం చేసి, పారిపోతే మర్యాద కాదన్నట్టు అక్కడే కూర్చుని మూతి తుడుచుకున్నాడు. అంత ఖరీదు చేప తిని అంత నెమ్మదిగా కూర్చున్నవాణ్ణి తరమడానికి సాయిదుర్గకి చెయ్యి రాలేదు. అత్త చిట్టమ్మ మాత్రం ఛీ అంది, ఆరోజూ అంది, ఆ తర్వాత రోజూ అంటూనే ఉంది. నెత్తలి వచ్చేసరికి వాడు ముసలాడైపోయాడు. తల్లిలేని ఆ పిల్లముండ వాడి పొట్టలో తల దూర్చి పాలు వెతుక్కుంటుంటే, గండుపిల్లికి పాలేమిటని విసుక్కోకుండా కాళ్ళు బారచాపి పడుకున్నాడు. అప్పట్నుంచీ అది వాడి పొట్టమీదే పెరిగింది. పళ్ళెం పెడితే వాడు ముందు మూతి పెట్టాలి, రెండు కొరుకులు కొరికి పక్కకి జరగాలి, అప్పుడుగానీ అది తినేది కాదు. అదేం పద్ధతే, నువ్వేమన్నా కొత్త కోడలివా అని సాయిదుర్గ దాన్ని ఏడిపించేది. ఇప్పుడా పళ్ళెం ముందు ఎవరు మూతి పెట్టాలి? పొద్దున ఎవరూ చూడకుండా తనే వంగి రెండు వేళ్ళతో చేప నోట్లో పెట్టుకుంది కూడా. చప్పగా, ఉప్పు లేకుండా, అదోలా ఉంది. నెత్తలి తలతిప్పి చూడలేదు.

గురువారం పొద్దున గ్యాసు పొయ్యి అరుగు కింద వంజరం చచ్చిపోయి ఉన్నాడు. రాత్రి మామూలుగానే పడుకున్నాడు, కొన్నాళ్ళుగా నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడు, మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు, అంతే. నెత్తలి అప్పుడు మేడమీద ఎండలో ఉంది. అది మెట్లు దిగుతున్న చప్పుడు విని సాయిదుర్గ పరుగెత్తుకెళ్ళింది, గుమ్మంలోనే దాన్ని ఎత్తుకుని, కొంగు దాని మొహం మీద కప్పి, లోపలి గదిలో పెట్టి తలుపేసింది. కడుపుతో ఉన్నావు, సూడకూడదు అంది. ఆ మాట తాను అన్నట్టు కూడా అప్పుడు గమనించలేదు, వేడి గిన్నె తగిలితే చెయ్యి లాక్కున్నట్టు నోట్లోంచి వచ్చేసింది. నెత్తలి తలుపు గీరింది, అరిచింది, మళ్ళీ గీరింది, కోటి వంజరాన్ని పాత తుండులో చుట్టి టీవీఎస్ మీద కొండకింద ఇసకలో పాతడానికి తీసుకెళ్ళాడు. వాణ్ణి తీసుకెళ్ళిపోయాక మాత్రం సాయిదుర్గ కూర్చోలేదు. చావు జరిగిన ఇంట్లో ఏం చేస్తారో అదే చేసింది. పసుపునీళ్ళు చల్లింది, ఫినాయిల్ పోసి నేలంతా కడిగింది, వాడు పడుకునే గోనె పారేసింది, చాప సర్ఫులో నానబెట్టి ఉతికి మేడమీద ఆరేసింది, వాడు ఒళ్ళు రుద్దుకునే తలుపు మూలనీ, కిటికీ చట్టాన్నీ తడిగుడ్డతో తుడిచింది. అంతా శుభ్రమయ్యాక తలుపు తీసింది. నెత్తలి వచ్చి, కడిగిన నేలమీద అడుగులు ఆచి తూచి వేస్తూ గ్యాసు అరుగు దగ్గరికెళ్ళి ఆగింది. ముక్కు ముడుచుకుంది. మొహం పక్కకి తిప్పుకుంది. అప్పుడు కూడా పాపం ఫినాయిల్ ఘాటుకి అనుకుందే తప్ప, అది ఎవరికోసం వాసన చూస్తోందో సాయిదుర్గకి తట్టలేదు.

ఆ రోజు నుంచీ వెతుకుడు మొదలైంది. పిల్లికి ఏడుపు రాదని, ఇల్లు మరిచిపోదుగానీ తోటివాళ్ళని మరిచిపోతుందని ఎవరో చెప్పగా విన్నదే, ఎవరు చెప్పారో గుర్తు రావడం లేదు, చెప్పినవాళ్ళని తీసుకొచ్చి ఈ మూడు రోజులూ ఇక్కడ కూర్చోబెట్టాలి. నెత్తలి టీవీ వెనక చూసింది, బియ్యం డ్రమ్ము మూత మీదికెక్కి చూసింది, వాడు ఎండకాచుకునే నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని చూసింది. నెత్తలికి వంజరాన్ని పిలవడానికి ఒక అరుపు ఉండేది, గొంతులో బంతి దొర్లినట్టు ప్రుర్రుమంటూ మొదలయ్యేది, మనుషుల్ని అలా ఎప్పుడూ పిలవలేదు. ఆ అరుపే గది గదికీ వెళ్ళి అరిచింది, అరిచి చెవులు రిక్కించి ఆగింది. నిన్నటినుంచి అరుపు కూడా మానేసింది. ఎక్కడ పడితే అక్కడ వెతికాక చివరికి లోపలి గదిలోకి, తనని పెట్టి తలుపేసిన ఆ గదిలోకే వచ్చి మంచం కింద చేరింది. ఎందుకు ఈ గదిలోనే అని ఆలోచించి ఆలోచించి, తలుపు మూసేదాకా వాడున్నాడు, తీసేసరికి లేడు, కాబట్టి వాడు పోయింది ఈ తలుపులోంచే అనుకుంటోందేమో అని సాయిదుర్గకి అనిపించింది. పిల్లికి అంత లెక్క ఉంటుందా? ఉంటే మాత్రం, మళ్ళీ ఎప్పుడు తలుపు మూస్తారా, ఎప్పుడు తీస్తారా, తీసినప్పుడు వాడుంటాడా అని అక్కడ కాపలా కాస్తోందన్నమాట. పోర్టులో ఏదో ఓడ కూత వేసింది, కిటికీ రెక్కలు సన్నగా అదిరాయి, నెత్తలి చెవి ఒకటి కదిలింది. ప్రాణం ఉంది అనుకుంది సాయిదుర్గ.

మధ్యాహ్నం ఆశ ఫోను చేసింది. ఆశాజ్యోతిది దువ్వాడలో కాపురం, అక్కడే కాలేజీ ల్యాబులో పని, ఎక్కడ ఏది చదివినా తల్లికి ఫోను చేసి చెప్పందే నిద్రపోదు. అన్నం వేళకే అన్నం పెట్టు, ఎప్పుడూ పెట్టేచోటే పెట్టు, కాస్త వెచ్చబెట్టి పెట్టు వాసన వస్తుంది, అందరూ చుట్టూ చేరి మొహంలోకి చూడకండి, కొత్త పిల్లిని తెచ్చేయమని నాన్న అంటే ఒప్పుకోకు అని వరసపెట్టి చెప్పింది. ఆ తర్వాత కాస్త ఆగి, అమ్మా, వంజరాన్ని దానికి చూపించారా అని అడిగింది. పోయినదాన్ని ఒకసారి వాసన చూడనిస్తే వాటికి అర్థమవుతుందట, కాసేపు పక్కన కూర్చుని లేచి వెళ్ళిపోతాయట, చూడకపోతేనే ఎక్కడికో వెళ్ళాడు వస్తాడు అని తిరుగుతూ ఉంటాయట. సాయిదుర్గ నోటికొచ్చింది చెప్పేసింది, కడుపుతో ఉన్నది గదే, ఎలాగ సూపిత్తాను అంది. అవతల ఆశ నవ్వబోయి మానేసింది. పిల్లికి కూడానా అమ్మా అని మాత్రం అంది, మెల్లగానే అంది. ఆ పిల్లకి తెలిసే మానేసిందా, తెలియకే మానేసిందా? ఆశకి తెలుసు. అమ్మమ్మ ఎప్పుడు పోయిందో, అప్పుడు తను ఎవరి కడుపులో ఉందో ఆ పిల్లకి తెలుసు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా పిల్లలకి ఇంట్లో సంగతులు తెలుస్తాయి. ఫోను పెట్టేశాక సాయిదుర్గ చాలాసేపు చేతిలో గరిటెతో అలాగే నిలబడింది, కవళ్ళు మాడిన వాసన వచ్చేదాకా.

అప్పుడు సాయిదుర్గకి ఎనిమిదో నెల. ఇల్లు ఇదే, గది ఇదే, అప్పటికి ఈ మంచం కొత్తది. తల్లి తవిటమ్మది కొండకి అవతల యారాడ, తెల్లారగట్ల పడవలొచ్చే వేళకి ఒడ్డున ఉండి చేపలు కొని గంపకెత్తుకునేది, సింధియాలో బస్సు మారి వన్ టౌన్ వచ్చి సందుసందూ తిరిగి అమ్ముకుని, మిగిలినవి కాదు, ముందే తీసి పక్కన పెట్టినవి కూతురికి తెచ్చిచ్చేది. తల మీద చుట్టకుదురు తీయకుండానే గడపలో కూర్చుని మంచినీళ్ళు తాగేది, వదిన చిట్టమ్మతో రెండు మాటలాడేది, కూతురి పొట్టమీద చెయ్యి వేసి మగాడే అని ఒకరోజు, ఆడదే అని ఒకరోజు అనేది. ఆ రోజు తవిటమ్మ రాలేదు. మధ్యాహ్నం కోటి ఆమె గంప తెచ్చి వంటింట్లో పెట్టాడు, మొహం ఎటో పెట్టుకున్నాడు. అమ్మ పంపిందా బావా అని అడిగితే, ఆ, అమ్మే పంపింది అన్నాడు. సింధియా బస్టాపు దగ్గర గంప తలమీద ఉండగానే గుండె ఆగి కూలబడిపోయిందని తనకెవరు చెప్తారు? చిట్టమ్మ ఆ చేపలు కడిగి పులుసు పెట్టింది, తన మొగుడి తోడబుట్టినది పోయిన రోజు పొయ్యిమీద చేపల పులుసు పెట్టింది, వాసన రాకపోతే అనుమానం వస్తుందని. సాయిదుర్గ తిన్నది. బాగుందని మళ్ళీ వేయించుకుని తిన్నది. ఆ తర్వాతంతా తలుపులే. ఎవరో వచ్చేవాళ్ళు, చిట్టమ్మ లోపలుండే, గాలి తగలకూడదు అని తలుపు దగ్గరగా వేసేది, వసారాలో మాటలు గుసగుసగా వినబడి తను దగ్గితే ఆగిపోయేవి. అమ్మకి ఒంట్లో బాగోలేదు అన్నారు, కాలు బెణికింది కొండ దిగలేకపోతోంది అన్నారు, పెద్దాసుపత్రిలో పెట్టారు ఆడవాళ్ళని రానివ్వడంలేదు అన్నారు, చెప్పినవాళ్ళకే ఏం చెప్పామో గుర్తుండేది కాదు. తను మేడెక్కి కొండవైపు చూస్తూ నిలబడేది, కొండమీద లైట్‌హౌసూ, కొండ చుట్టూ తిరిగే దారీ కనిపించేవి, బస్సు కనబడితే దిగివచ్చి గడపలో కూర్చునేది. అన్నం సహించడం మానేసింది. అప్పుడు అందరూ చుట్టూ కూర్చుని ముద్ద ముద్దకీ నోటివంక చూసేవాళ్ళు, ఆ చూపులకి ముద్ద గొంతులోనే ఆగిపోయేది. ఆశ పుట్టి పురుటి స్నానం అయ్యాక చెప్పారు. చెప్పి, ఏడవకే, బాలింతవి, పాలు విరిగిపోతాయి అన్నారు. పిల్లనెత్తుకుని యారాడ వెళ్ళేసరికి అమ్మ చీరలు సముద్రంలో వదిలేశారు, ఇంటికి సున్నం వేసేశారు. ఆ తెల్లటి గోడకి ముక్కు ఆనించి నిలబడితే సున్నం వాసన తప్ప ఇంకేమీ లేదు. ఇప్పటికీ సింధియాలో బస్సు ఆగితే, గంపలు దిగుతుంటే, ఒక్కొక్క తలనీ చూస్తుంది. పాతికేళ్ళయింది, చూడడం మాత్రం మానలేదు, ఈ మాట కోటికి కూడా చెప్పలేదు.

వసారా గడియారం వంక చూడకూడదని అనుకుంటూనే చూసింది. ఇంకా టైముందో, లేదో, ఆ ముళ్ళు రెండూ దగ్గరగా ఉండి సరిగ్గా తెలియలేదు, కళ్ళజోడు ఎక్కడుందో. డాక్టరు ఇచ్చిన సిరంజిలో చేప ఉడికించిన నీళ్ళు నింపుకుంది. మంచం కింద సగం దూరి, ఎడం చేత్తో నెత్తలి దవడ పట్టుకుని, పళ్ళ పక్కనుంచి సిరంజి మొన లోపలికి పెట్టింది. నెత్తలి గింజుకోలేదు, అదే భయమేసింది, నీళ్ళు నోటి పక్కనుంచి మెడమీదికి కారిపోయాయి. తాగే, నా తల్లి కదూ, కడుపులోవాటి కోసమైనా తాగే అంది. అని, సిరంజి పట్టుకున్న చెయ్యి అక్కడే ఆపేసింది. ఆ మాట తనది కాదు. ఆ మాట ఈ గదిలోనే, ఈ మంచం మీదే, తన దవడ పట్టుకుని అత్త అన్నది. నీకోసం తిను అని ఒక్కరూ అనలేదప్పుడు, కడుపులోదాని కోసం తినే అన్నారు, తను మనిషి కాదు, ఒట్టి కడుపు. నీకేటయ్యింది అని అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది కదా వాళ్ళకి. అదే తలుపు తనూ మూసింది, అదే మాట తనూ అంది, వాళ్ళు సున్నం వేశారు, తను ఫినాయిల్ పోసింది. ఇంత తెలిసిన దాన్ని, ఇంత అనుభవించిన దాన్ని, నా బుద్ధి ఏ గడ్డి తినడానికి పోయింది అని సాయిదుర్గ తనని తాను తిట్టుకుంది. సిరంజి పక్కన పడేసింది. నెత్తలి తడిసిన మెడ నాక్కోను కూడా లేదు, మళ్ళీ గోడవైపు తిరిగింది.

అయితే చూపించాలి. వాడు లేడు, వాసనయినా చూపించాలి. కొండకింద ఇసక తవ్వమని కోటిని అడిగితే పిచ్చెక్కిందనుకుంటాడు, అయినా తవ్వకూడదు. సాయిదుర్గ లేచి ఇల్లంతా ముక్కుతో తిరగడం మొదలుపెట్టింది. మేడమీది చాప ముక్కుకి ఆనించుకుంది, సర్ఫు వాసన. కిటికీ చట్టం చూసింది, ఫినాయిల్. చుట్టిన తుండు వాడితోనే పోయింది, గోనె మున్సిపాలిటీ బండిలో పోయింది. టీవీఎస్ సీటుకి వాడి వెంట్రుకలు అంటి ఉంటాయేమో, ఆ బండి కోటితో పోర్టులో ఉంది. బియ్యం డ్రమ్ము మూత, టీవీ వెనక దుమ్ము, చీపురు. ఎంత బాగా కడిగానే అమ్మా, పెళ్ళిచూపులకి కూడా ఇంత బాగా కడగలేదు. ఎందుకో ఒక పనిలో మనసు పెట్టి చేశానంటే అదే పాడైపోతుంది అనుకుంది. కింద సందులో ఆటో హారను మోగింది, వేరే ఆటో, వెళ్ళిపోయింది. నేలమీద మోకాళ్ళమీద పాకుతూ, తలుపు గుమ్మం అంచులకి ముక్కు ఆనించి, వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసింది.

వసారాలో నవారు మంచం మీద చిట్టమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చూపు మందగించిందిగానీ నాలుకకి ఏ లోటూ లేదు. ఏటే, నేల నాకతన్నావా అంది. సాయిదుర్గ తలెత్తలేదు, వంజరం వాసన ఎక్కడైనా మిగిలిందేమోనని చూస్తున్నానని, దానికి వాడు పోయాడని తెలియకే తిండి మానేసిందని, ఆశ చెప్పిందని చెప్పింది. కాసేపటికి నవారు కిర్రుమంది. ముసలామె ఒక పక్కకి ఒరిగి, తలగడ కిందినుంచి నాలుగు మడతలు పెట్టిన పాత చీరముక్క బయటికి లాగింది. దాన్నిండా బూడిదరంగు వెంట్రుకలు.

"మజ్జానం నువ్వు తొంగున్నాక ఆడు నా కాళ్ళకాడ దీనిమీదే తొంగునీవోడు," అంది చిట్టమ్మ. "నువ్వు ఉతికీత్తావని దాసీసినాను."

ఛీ అన్న మనిషి, రోజూ ఛీ అన్న మనిషి. సాయిదుర్గ ఆ గుడ్డ అందుకుని మొహానికి ఆనించుకుంది. ఉన్నాడు. ఎండలో పడుకున్న ఒంటి వాసన, చేప వాసన, ముసలామె రాసుకునే నొప్పుల మందు వాసన, వాటన్నిటికింద వాడు. గుడ్డ మొహం మీంచి తీయబుద్ధి కాలేదు, అది వంజరం కోసం కాదని తెలుస్తూనే ఉంది, ఇంతకాలం అడగని మాట అప్పుడు వచ్చేసింది.

"మాయమ్మది ఒక్క గుడ్డయినా ఉంచలేదేటత్తా నాకు?"

చిట్టమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వీధివైపు చూసింది. అడగదులే అని ఆమె ఏనాడూ అనుకోలేదేమో, ఎప్పుడడుగుతుందా అని ఇన్నాళ్ళూ ఎదురుచూసినట్టే ఉంది మొహం.

"రెండు పేణాలు నా సేతిలో ఉన్నాయని బయపడిపోనాను," అంది. "నీ ఏడుపు సంగతి నాకప్పుడు తోచనేదు."

ఇంకా అడగడానికి సాయిదుర్గకి టైము లేదు. లోపలికెళ్ళి, చేప మళ్ళీ వెచ్చబెట్టి, పాత పళ్ళెం తీసి వేరే దాంట్లో వేసి, గుడ్డని మంచం కింద నెత్తలికి బారెడు దూరంలో పరిచి, పళ్ళేన్ని దాని కొస పక్కన పెట్టి, వెనక్కి జరిగి గోడకి ఆనుకుని కూర్చుంది. మొహంలోకి చూడకూడదని ఆశ చెప్పింది. చూడకుండా ఎలా ఉండడం? ఓరకంట చూసింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నెత్తలి ముక్కు కదిలింది. తల గోడమీంచి మెల్లగా ఇటు తిరిగింది, ఒళ్ళంతా తిరిగింది, కడుపు నేలకి రాసుకుంటూ వచ్చి గుడ్డలో మూతి పెట్టింది. పెట్టి తీయలేదు. పైపెదవి లేచి, నోరు సగం తెరుచుకుని, గాలి లోపలికి తాగుతున్నట్టు అలా ఉండిపోయింది. గుడ్డ ఈ మూలనుంచి ఆ మూలకి వాసన చూసింది, గుడ్డ కిందకి తల దూర్చి చూసింది, మళ్ళీ పైకి వచ్చి చూసింది. వాడి వాసన ఉంది, వాడు లేడు. ఎన్నిసార్లు చూసినా అంతే. అప్పుడొక అరుపు అరిచింది, పిలిచే అరుపు కాదు, దొర్లుతూ మొదలవలేదు, లోపల ఎక్కడినుంచో తిన్నగా వచ్చి పొడుగ్గా సాగి ఆగిపోయింది. పోయాడే నెత్తలీ అంది సాయిదుర్గ. ఒకసారి అన్నాక మిగతాది ఆగలేదు.

"సచ్చిపోనాడే. నువ్వు మేడమీదున్నప్పుడే సచ్చిపోనాడు. నానే సూడనివ్వలేదు నిన్ను."

చచ్చిపోవడం అన్న మాట ఆ గదిలో ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారి. కళ్ళనీళ్ళు గడ్డం మీంచి జాకెట్టు మీదికి కారుతుంటే తుడుచుకోలేదు, ఏడవకే అనే మనిషి వసారాలోనే ఉంది, అనలేదు. నెత్తలి గుడ్డమీద కాళ్ళతో పిసుకుతూ ఒక చుట్టు తిరిగి, కడుపు దానిమీద ఆనించి పడుకుంది. ఒకప్పుడు వాడి చెవులు నాకినట్టు ఆ చీరముక్క మడత నాకడం మొదలుపెట్టింది. నాకి, ఆగి, మళ్ళీ నాకింది.

కింద ఆటో ఆగింది, ఈసారి కన్నబాబుదే, ఇంజను ఆపకుండా రెండుసార్లు హారను కొట్టాడు. మెట్లమీద కోటి బూట్లు గబగబా వినిపించాయి, పిల్లిని పెట్టడానికి ఎక్కడో అడిగి తెచ్చిన ప్లాస్టిక్ బుట్ట చేతిలో, లోపలికి వస్తూనే తయారుగా లేరేటి అని కసిరాడు. సాయిదుర్గ లేవకుండానే చెయ్యి చాపి అతని ప్యాంటు పట్టుకుని ఆపింది. ఆమె మొహం చూసి అతను నెత్తలి పోయిందనుకున్నాడు, బుట్ట చప్పుడవకుండా కింద పెట్టాడు.

"ఉండు బావ," అంది సాయిదుర్గ. "దానికిప్పుడే తెలిసింది. కాసేపు ఏడవనియ్యి."

కోటికి అర్థమైందో లేదో, పెళ్ళాం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చిట్టమ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. కింద కన్నబాబు ఇంజను ఆపేశాడు. అప్పుడు వినిపించింది, మంచం కిందినుంచి, స్టీలు పళ్ళెం నేలమీద కాస్త జరిగిన చప్పుడు, తర్వాత గరుకు నాలుక స్టీలుకి తగిలిన చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఒకదాని వెనక ఒకటి. కోటి ఆత్రంగా మంచం కిందికి వంగబోయాడు, గుమ్మంలో ముసలామె కూడా మెడ చాపింది. సాయిదుర్గ మొగుడి చెయ్యి పట్టుకుని కిటికీ వైపు, కొండ వైపు తిప్పింది.

"అటు తిరుగు బావ. నువ్వూ అత్తా. ఎవులూ సూడకండి, అది తింటంది."